మలారం లెక్క

గుణుపురం ఠాణా వెనక గది.
కిటికీకి ఊచలున్నాయి, ఒకప్పుడిది లాకప్పట.
ఇప్పుడు కాగితాలున్నాయి లోపల,
బెయిలు అడగకుండా.

తిరినాథ్ గమాంగ్ తాళం తీసి
ముందు లాఠీతో నేలమీద రెండు దెబ్బలు కొడతాడు.
"పాములకి మేడమ్. నిన్నొకటి
పంతొమ్మిదొందల యాభైలో పడుకునుంది."

నేనడిగింది ముప్ఫై నాలుగు.
అట్ట లేదు, తాడుంది.
చెద తిన్నంత తిని
విసుగొచ్చి వదిలేసిన పదకొండు కాగితాలు.

హతుడు కింతలి నూకయ్య శెట్టి, గాజులమ్మేవాడు.
వయసు నలభై లేక యాభై.
ఊరు పార్వతీపురం తాలూకా.
వంశధార రేవు పక్కన, ఇసకలో, బోర్లా.
తల వెనక ఒకటే గాయం.
సాక్షులు ఐదుగురు, ఐదు వేలిముద్రలు.
ముద్దాయి పేరుండాల్సిన జాగా ఖాళీ.
చెద కూడా అక్కడ ముట్టలేదు.

రాసిన హెడ్డుది గుండ్రటి చెయ్యి.
ఉక్కు పాళీ. ప్రతి 'ళ' తోకకీ
కొంచెం ఎక్కువ సిరా పోస్తాడు.
వారం రోజుల్లో ఆ దస్తూరీతో నాకు చనువొచ్చింది.
ఎక్కడ నిద్రొచ్చిందో,
ఎవరు పిలిస్తే వాక్యం మధ్యలో లేచాడో
తెలిసిపోతోంది.

మొదటి రోజు మహజరు:
మలారం ఒకటి. అందులో
ఆకుపచ్చవి ఆరు డజన్లు, ఎర్రవి ఎనిమిది,
నల్లవి మూడు, పసిపిల్లలవి రెండు.
వెరసి పంతొమ్మిది. ఒక్కటీ పగలలేదు.

ఒక్కటీ పగలలేదు.
ఆ మాట దగ్గర ఆ పూట అన్నం మర్చిపోయాను.
మనిషి పడ్డాడు, భుజమ్మీది మలారం పడలేదు.
అంటే ముందే దించుకున్నాడు.
అంటే ఎవరో గాజులు చూపించమన్నారు.
వంగి ముడి విప్పుతున్నవాడి తల వెనక భాగం
బేరమాడే మనిషికి కనిపించదు,
పక్కన నిలబడ్డ రెండో మనిషికి కనిపిస్తుంది.

"ఏటి మేడమ్, దొరికాడా?"
టీ గ్లాసు పెట్టి రోజూ అడుగుతాడు తిరినాథ్,
నిన్న రాత్రి జరిగినట్టే.
అతనికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.
నాకు ఒడియా అక్షరం వచ్చు, మాట తడబడుతుంది.
ఇద్దరం కలిస్తే ఒక పాత ఠాణా.

ముప్ఫై ఆరు ఏప్రిల్లో గీత మారింది.
ఆపైన ఉత్తరాలే.
"సదరు గాజులవాడు తమ జిల్లా వాస్తవ్యుడు గనుక..."
"సదరు రేవు ఇపుడు మా ఇలాకా కాదు గనుక..."
అటూ ఇటూ మూడుసార్లు నది దాటి
నూకయ్య శెట్టి ఎవరికీ కాకుండా పోయాడు.
చివరి కాగితం మీద ఒకటే మాట: భద్రపరచవలెను.
అది మాత్రం ఎవరో పాటించారు.

ఇవాళ, వెళ్లిపోయే ముందు,
ఏడో కాగితం మళ్లీ చదివాను.
ఆరో రోజున కోర్టుకి పంపిన సామాను జాబితా.
ఆకుపచ్చవి ఆరు, ఎర్రవి ఎనిమిది, నల్లవి మూడు.
వెరసి పదిహేడు.
అదే పాళీ, అదే చెయ్యి.
కొట్టివేత లేదు, వణుకు లేదు.
'ళ'లకి మాత్రం ఆ రోజు సిరా తక్కువ.

"చంపినోడు దొరకలేదు, తిరినాథ్.
దొంగ దొరికాడు."
అతను నవ్వుతాడనుకున్నాను.
వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.
"చేతికి నాలుగు లెక్కన
ముగ్గురు పిల్లలు మేడమ్."
కాసేపాగి అన్నాడు,
"లేకపోతే ఒక్కతే. పగిలిపోతాయని దాచుంటాడు."

బయట సంత విరుగుతోంది.
ఎండు చేపల బుట్టల మధ్య
ముసలమ్మల మణికట్లు చూస్తూ నడిచాను.
గాజు అంతకాలం ఉండదని తెలుసు.
బస్సు హారన్ కొడుతున్నా
ఇంకొకరి చెయ్యి, ఇంకొకరి చెయ్యి.